ఆటకు ముందే హద్దు: జట్టు ఆటలలో క్రొత్తవారికి కొన్ని సూచనలు

సూరత్ నగరమునందలి రింగ్ రోడ్డు దేశమునకంతకును చీరలను, దుస్తుల గుడ్డలను అందించు వీధి. దానికి ఇరుప్రక్కలను అంతస్తుపై అంతస్తుగా లేచిన నూటికి పైగా మార్కెట్లలో వేలకొలది దుకాణములు కలవు. ఉదయము దుకాణముల తలుపులు తీసినది మొదలు ప్రొద్దు క్రుంకిన పిదప వరకును మూటలు కట్టువారు, మోయువారు, లెక్కలు వ్రాయువారు, సరకు బండ్లు నడపువారు అచ్చట ఎడతెగక శ్రమించుచుందురు. వారిలో తెలుగువారు అనేకులు. తెలంగాణ జిల్లాలనుండి నేతపని వెదకికొనుచు వచ్చిన పద్మశాలి కుటుంబములు తరతరములుగా లింబాయత్ మొదలగు పేటలలో నివసించుచున్నవి. వారి పిల్లల కొఱకు సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలను నడపుచున్నది.

ఈ వీధిలో పనిచేయు యువకునకు రాత్రి దొరకు వినోదము స్వల్పము. గది ఇరుకు. గదిలో నున్నవారు పలువురు. సొంత ఊరు బహుదూరము. అట్టి వేళ చేతనున్న సెల్‌ఫోనే అతనికి ఆటస్థలమును, స్నేహితులు కూర్చుండు అరుగును అగుచున్నది. సూరత్‌లో నొకడు, సిరిసిల్లలో నొకడు, భివండిలో నొకడు, షోలాపూరులో నొకడు ఉండి, నలుగురును ఒకే జట్టుగా ఒకే ఆట ఆడవచ్చును. చిన్నతనమున ఒకే వీధిలో పెరిగి, మగ్గమువెంట నాలుగు ఊళ్ళకు చెదరిపోయినవారిని ఈ ఆట రాత్రివేళ మరల ఒక్కచోట చేర్చుచున్నది. ఇది చిన్న మేలు కాదు.

కావున ఆటను దూషించుట ఈ పుస్తకము ఉద్దేశము కాదు. జట్టు ఆటలో క్రొత్తగా ప్రవేశించువాడు ఆరోగ్యమును, నిద్రను, ధనమును, గౌరవమును కాపాడుకొనుచు ఆడుట ఎట్లో తెలుపుటయే దీని ఉద్దేశము. చెప్పదలచిన ముఖ్యవిషయము ఒక్కటి: జట్టు ఆటకు హద్దును ఆట మొదలిడకముందే ఏర్పరచుకొనవలెను. ఆట నడుమ ఏర్పరచుకొందమన్నచో అది సాధ్యము కాదు. ఏల సాధ్యము కాదో ముందు తెలిసికొందము.

జట్టు ఆట అననేమి?

చెడుగుడు ఆడినవారికి ఈ ఆటల పద్ధతి సులభముగా బోధపడును. చెడుగుడులో జట్టునకు ఏడుగురు. ఒకడు అవుటయి బయట కూర్చుండినచో, తనవారు ఎదుటి జట్టువానిని పట్టినప్పుడు అతడు మరల లోనికి వచ్చును. తన ప్రాణము తన తోటివారి చేతిలో నుండుటయే ఆ ఆటలోని రసము.

నేటి సెల్‌ఫోను జట్టు ఆటలలో రసము కూడ ఇదియే. మన దేశమున విశేషముగా ఆడబడుచున్న బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అను ఆటను ఉదాహరణముగా గైకొందము. ఇది 2021 జూలైలో మన దేశమున విడుదలయ్యెను. ఇందులో ఇంచుమించు 100 మంది ఒక విమానమునుండి పారాచూట్లతో ఒక ప్రదేశమున దిగుదురు. ఎరాంగెల్ అను ద్వీపము 8 కిలోమీటర్ల పొడవును, 8 కిలోమీటర్ల వెడల్పును గలదిగా చిత్రింపబడినది. కాలము గడచినకొలది సురక్షితమైన వలయము చిన్నదగుచుండును. వలయము వెలుపల నిలిచినవాడు నశించును. తుదివరకు మిగిలిన జట్టు గెలుచును. జట్టునకు సామాన్యముగా నలుగురు. ఒకడు దెబ్బతిని నేలకొరిగినచో, తోటివాడు అతని చెంతకు పోయి, కొన్ని క్షణములు తన ప్రాణమును గూడ అపాయమున బెట్టుకొని, అతనిని లేవదీయవలెను. తుదివరకు నిలిచిన జట్టునకు ఒక ఆట ముగియుటకు సుమారు అరగంట పట్టును.

చెడుగుడునకును ఈ ఆటకును రెండు భేదములు కలవు. మొదటిది: చెడుగుడు తనంతట తానే ముగియును. కూతకు ఊపిరి చాలదు, చీకటి పడును, తల్లి కేకవేయును, కాళ్ళు నొచ్చును. సెల్‌ఫోను ఆటకు చీకటి లేదు, అలసట కానరాదు. ఒక ఆట ముగియగానే తరువాతి ఆటకు మీట తెరపై సిద్ధముగా నుండును. రెండవది: చెడుగుడులో ఎదుటివాని ముఖము మనకు తెలియును. ఈ ఆటలో ఎదుటివాడు ఎవ్వడో, ఏ వయస్సువాడో, ఏ ఉద్దేశముతో మాటలాడుచున్నాడో తెలియదు. క్రొత్తవానికి కలుగు చిక్కులలో చాలవరకు ఈ రెండు భేదములనుండియే పుట్టుచున్నవి.

క్రొత్తవాని అనుభవము

మార్కెట్టులో పనికి క్రొత్తగా చేరిన ఒక యువకుని మనస్సున ఊహించుకొందము. గదిలోని తోటివారు ముగ్గురు ఆడుచున్నారు. నాలుగవవాడు కావలెనని పిలిచిరి. అతడు ఆటను ఫోనులోనికి దింపుకొనెను. ఖాతా తెరచుటకు వారు చెప్పినట్లు నొక్కుచు పోయెను. ఏ అనుమతి ఇచ్చెనో, ఏ పేరు పెట్టెనో ఆలోచింపలేదు. చెవులకు తీగ తగిలించుకొని దిగెను.

మొదటి రాత్రి అతనికి ఏమియు తోచదు. తుపాకి పట్టుకొనులోపల నేలకొరుగును. అడుగుల చప్పుడు ఎటునుండి వచ్చుచున్నదో తెలియదు. తెర మధ్య మధ్య నిలిచిపోవును. మాట చేరి తిరిగివచ్చుటకు పట్టు కాలమును ఆటవారు ‘పింగ్’ అందురు. గదిలో పదిమంది ఒకే వైఫైని వాడుచున్నప్పుడు ఈ కాలము పెరుగును. లోపము తీగలోనిదో తనలోనిదో క్రొత్తవానికి తెలియదు. అపరిచితుడెవ్వడో ‘నూబ్’ అని హేళన చేయును. నేర్పులేని క్రొత్తవాడని ఆ మాటకు అర్థము.

మూడవ రాత్రియో, నాలుగవ రాత్రియో ఒక విశేషము జరుగును. అతడు నేలకొరిగినప్పుడు, తప్పించుకొని పోదగిన తోటివాడు వెనుకకు తిరిగి వచ్చి అతనిని లేవదీయును. ఆ క్షణమున అతని మనస్సునకు కలుగు తృప్తి నిజమైనది. పరాయి ఊరిలో తన కొఱకు ఒకడు వెనుదిరిగి వచ్చినాడు! ఆ పిదప అతడు వారిని విడువలేడు. పదిన్నరకు పండుకొనవలెనని లేవబోవును. “ముగ్గురము మిగిలిపోదుము, ఇంకొక్క ఆట” అందురు. ఆ ముగ్గురికిని తన అవసరము కలదను సంగతి అతనికి గర్వకారణము. ఒక్క ఆట ఆడును. పిమ్మట ఇంకొక్కటి. అరగంట చొప్పున ఆరు ఆటలైనచో మూడు గంటలు. పదిన్నర ఒకటిన్నర అగును.

ఇందు దురాశ లేదు, దుర్వ్యసనము లేదు. కేవలము మర్యాద కలదు. తోటివారిని నడుమ విడిచిపోరాదను మంచిబుద్ధియే అతని నిద్రను హరించుచున్నది. అందుచేతనే ఆట నడుమ హద్దు పెట్టుకొనుట సాధ్యము కాదని పైన చెప్పితిమి. నలుగురు కలిసి ఆట మొదలిడకముందే “నేను రెండు ఆటలు ఆడుదును, పదిన్నరకు పోవుదును” అని చెప్పినవాడు పదిన్నరకు పోయినప్పుడు మాట నిలుపుకొన్నవాడగును. ముందు చెప్పనివాడు అదే వేళకు పోయినప్పుడు జట్టును విడిచినవాడగును. రెంటికిని భేదము ఆ ఒక్క మాటయే.

నిద్ర: మొదటి నష్టము

పెరిగినవారికి రోజునకు కనీసము 7 గంటల నిద్ర అవసరము. పదమూడు మొదలు పదునెనిమిది ఏండ్ల వయస్సువారికి 8 మొదలు 10 గంటలు కావలెను. రాత్రి ప్రకాశవంతమైన తెరను చూచుటవలన నిద్రను దెచ్చు మెలటోనిన్ అను రసము ఊరుట ఆలస్యమగును. ఆటలోని ఉద్రేకమువలన గుండె వడిగా కొట్టుకొనును. కావున ఫోను ప్రక్కన బెట్టిన వెంటనే నిద్ర రాదు. ఒకటిన్నరకు ఆట మానినవాడు రెండు దాటిన పిదపగాని కన్నుమూయడు.

నిద్ర చాలనివాడు తన స్థితిని తాను గుర్తింపలేడు. అదియే ఇందలి ప్రమాదము. వరుసగా 17 గంటలు మేల్కొనియున్నవాని చురుకుదనము, రక్తములో 0.05 శాతము మద్యమున్నవాని చురుకుదనమువలె మందగించునని పరిశోధకులు 2000లో ప్రకటించిరి. మన దేశపు మోటారు వాహనముల చట్టము వాహనము నడపువానికి అనుమతించు మేర 100 మిల్లీలీటర్ల రక్తమునకు 30 మిల్లీగ్రాములు, అనగా 0.03 శాతము మాత్రమే. ఉదయము 7 గంటలకు లేచినవాడు అర్ధరాత్రికే ఈ 17 గంటలు దాటును. చుక్క త్రాగకపోయినను, అతని చేయియు, చూపును త్రాగినవాని వలె మందగించును.

రింగ్ రోడ్డులో సరకు బండి నడపువారికిని, తలపై మూటతో మెట్లెక్కువారికిని ఇది పుస్తకములోని లెక్క కాదు. సూరత్ పవర్‌లూములలో పలుచోట్ల 12 గంటల చొప్పున రెండు షిఫ్టులుగా పని నడచును. తిరుగుచున్న పట్టాల నడుమ, కొట్టుకొనుచున్న నాడెల నడుమ తెగిన పోగును అతుకు నేతగాని కన్ను ఒక్క రెప్పపాటు వాలినను వ్రేళ్ళకు ముప్పు. రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రించువారు పగటి నిద్రనే ఆటకు బలియిచ్చుట కూడ కద్దు. పగటి నిద్ర వెలుతురువలనను, చప్పుడువలనను మునుపే కొరతపడియుండును. దానిని ఇంకను తగ్గించుట అపాయకరము.

కన్ను, చెవి, మెడ

తెరను తదేకముగా చూచునప్పుడు కనురెప్పలు కొట్టుకొనుట తగ్గును. అందుచే కన్నులు ఎండి మండును, నీరు కారును, చూపు మసకబారును. ప్రతి 20 నిమిషములకు ఒకసారి 20 అడుగుల దూరమునందలి వస్తువును 20 సెకనులపాటు చూడుమని నేత్రవైద్యులు చెప్పుదురు. జట్టు ఆట నడుమ ఇది కుదరదు. కావున ఒక ఆటకును మరియొక ఆటకును నడుమ లేచి, గది వెలుపలికి వచ్చి, వీధి చివరను చూడవలెను. ఒక గ్రుక్కెడు నీరు త్రాగవలెను. చీకటి గదిలో దీపమార్పి తెరను చూడరాదు.

చెవి విషయము మరింత ముఖ్యము. అడుగుల చప్పుడు వినుటకై ఆటగాండ్రు ధ్వనిని మిక్కిలి పెంచుకొందురు. వారమునకు 40 గంటలపాటు 80 డెసిబెళ్ళకు మించని ధ్వని పెద్దలకు సురక్షితమనియు, పిల్లలకు 75 డెసిబెళ్ళు మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ధ్వని 90 డెసిబెళ్ళకు పెరిగినచో ఆ 40 గంటలు 4 గంటలకు తగ్గిపోవును. చెవికి వారమునకు ఇంత అని ఒక రేషను కలదన్నమాట. పవర్‌లూము ప్రక్క పనిచేయువాడు తన రేషనును మిల్లులోనే ఖర్చుచేసికొని వచ్చును. అతని చెవికి రాత్రి కావలసినది మరియొక చప్పుడు కాదు, విశ్రాంతి. ధ్వనిని సగము కంటె తక్కువకు దించవలెను. ఆట ముగిసిన పిదప చెవిలో గుయ్యిమను మ్రోత వినిపించినచో, అది చెవి చేయు హెచ్చరిక అని గ్రహింపవలెను.

పండుకొని ఫోనును ముఖముపైకెత్తి ఆడుట, మెడను రొమ్ముమీదికి వంచి ఆడుట రెండును చెడ్డవే. గోడకు వీపు ఆనించి కూర్చుండి, మోకాళ్ళపై దిండు పెట్టుకొని, దానిపై మోచేతులుంచి ఫోనును కన్నులకు ఎదురుగా పట్టుకొనవలెను. బొటనవ్రేళ్ళ మొదట నొప్పి కలిగినచో రెండు మూడు దినములు ఆట మానవలెను. నొప్పి తగ్గనిచో వైద్యునకు చూపవలెను.

ఆటకు ముందు అమరిక

తొందరలో ఖాతా తెరచుట క్రొత్తవారు సామాన్యముగా చేయు పని. ఆ పదినిమిషములు నిదానించినచో తరువాతి కష్టములు పెక్కు తప్పును. ఈ క్రింది విషయములు గమనింపుడు.

1. ఆటను ఫోనులోని అధికార దుకాణమునుండియే దింపుకొనవలెను. తోటివారు పంపు ఫైళ్ళను, లంకెలను నమ్మరాదు.

2. ఖాతాను మీ స్వంత ఈ-మెయిలునకు ముడిపెట్టి, రెండంచెల తాళము వేయవలెను. స్నేహితుని ఫోనులో మీ ఖాతా తెరచి విడిచిపెట్టరాదు. సంకేతపదమునుగాని, ఓటీపీనిగాని ఏ కారణముచేతను ఎవ్వరికిని చెప్పరాదు.

3. ఆటలోని పేరునందు మీ అసలు పేరు, పుట్టిన సంవత్సరము, ఊరు, ఫోను సంఖ్య ఉండరాదు.

4. ఆట అడుగు అనుమతులన్నియు ఇయ్యనవసరము లేదు. తోటివారితో మాటలాడునప్పుడు మాత్రము మైకు అనుమతి చాలును. పరిచయస్థుల పుస్తకమును, మీరున్న చోటును తెలుపు అనుమతులు అక్కరలేదు.

5. ధ్వనిలో ‘జట్టువారు మాత్రమే’ అను ఏర్పాటును ఎన్నుకొనవలెను. అందరి మాటలును వినుట క్రొత్తవానికి ప్రయోజనకరము కాదు.

6. ఫోనును ఛార్జింగు తీగకు తగిలించియుంచి ఆడరాదు. దిండుక్రింద, దుప్పటిలో వేడి ఫోనును ఉంచరాదు. వెనుకభాగము ఉబ్బిన బ్యాటరీని వెంటనే మార్పించవలెను. బట్టల మూటలున్న గదిలో నిప్పు ఎంత అపాయమో చెప్పనక్కరలేదు.

7. జట్టులో చేరకముందు ఒంటరిగా శిక్షణస్థలమున రెండు మూడు దినములు అభ్యాసము చేయవలెను. నడచుట, వస్తువులు గైకొనుట, తోటివానిని లేవదీయుట తెలిసినవాడు జట్టులో అవమానము పొందడు.

8. గడియారమునకు గంట పెట్టి, దానిని గదికి అవతలి మూల ఉంచవలెను. చేతనున్న ఫోనులోని గంటను ఆటగాడు తడుముకొని ఆపివేయును.

మాటలు, తిట్లు

సూరత్‌లోని ఆటగాడు తెలుగువారితో మాత్రమే ఆడడు. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఒడియా మాటలాడువారు ఒకే జట్టున కలియుదురు. ఇది భాష నేర్చుకొనుటకును, స్నేహము పెంచుకొనుటకును మంచి అవకాశమే. కాని ముఖము కానరానిచోట నోరు అదుపు తప్పుట కూడ సహజము. తల్లిని, కులమును, ప్రాంతమును, యాసను ఎత్తి తిట్టువారు కలరు. ఆడపిల్ల కంఠము వినబడగానే అసభ్యముగా మాటలాడువారు కలరు.

తిట్టునకు తిట్టు సమాధానము కాదు. అట్టివాని ధ్వనిని ఆపివేయుటకు ప్రతి ఆటలోను మీట కలదు. నిర్వాహకులకు ఫిర్యాదుచేయు మీటయు కలదు. ఈ రెండింటిని ఆట నేర్చుకొనుటకు ముందే నేర్చుకొనవలెను. ఎవ్వడైనను ఛాయాచిత్రము పంపుమనినను, చిరునామా అడిగినను, ఒంటరిగా కలియుమనినను, ఆ సంగతి ఇంటిలోని పెద్దవారితో చెప్పవలెను. చెప్పినచో ఫోను లాగికొందురను భయముచేతనే పిల్లలు దాచుదురు. పెద్దలు ఈ భయమును పోగొట్టవలెను.

ధనము

ఈ ఆటలను దింపుకొనుటకు ధనమక్కరలేదు. కాని రంగు దుస్తులు, తుపాకికి తొడుగులు, పెట్టెలు ధనమునకు అమ్ముదురు. దుస్తు కొన్నంతమాత్రమున గురి కుదరదు. పెట్టెలో ఏమున్నదో కొనక ముందు తెలియదు. ఇది లాటరీకి దగ్గరగా నున్న బేరము. జట్టులో నలుగురు కొన్నప్పుడు కొననివాడు చిన్నబోవును. ఇచ్చట కూడ నియమము ఒక్కటే: నెలకు ఇంత అని, లేదా అసలే లేదని, ముందే నిశ్చయించుకొనవలెను. ఇంటికి పంపవలసిన సొమ్మును మొదటి దినముననే పంపివేయుట అన్నింటికంటె ఉత్తమము. తండ్రి ఫోనులోని చెల్లింపు సంకేతమును పిల్లలకు తెలియనీయరాదు.

వినోదమునకు ఆడు జట్టు ఆట వేరు. పందెము కట్టి ధనము గెలువవచ్చునని ఆశపెట్టు ఆట వేరు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ ఆటల చట్టము ఈ భేదమును స్పష్టపరచినది. అది ఈ-స్పోర్ట్సును, వినోదపు ఆటలను ప్రోత్సహింపదలచి, ధనము ఒడ్డి ఆడు ఆటలను నిషేధించినది. అట్టి ఆటలు నడపువారికి మూడేండ్ల వరకు ఖైదు, కోటి రూపాయల వరకు జరిమానా విధించుటకు అందు వీలు కలదు. జట్టులోని స్నేహితుడు “దీనిలో వేయి వేసినచో రెండువేలు వచ్చును” అని లంకె పంపినచో, ఆ స్నేహము ఆటతోనే ఆగవలెను. మోసపోయినచో ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చేసినచో సొమ్మును నిలుపుటకు అంత అవకాశము.

అలవాటు రోగమగుట ఎప్పుడు?

ఎక్కువగా ఆడువారందరును రోగులు కారు. ఈ మాటను తల్లిదండ్రులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. ప్రపంచ ఆరోగ్య సభ 2019 మే నెలలో అంగీకరించిన రోగముల పట్టికలో ‘గేమింగ్ డిజార్డర్’ అను పేరున ఒక రుగ్మత చేర్చబడినది. ఆ పట్టిక 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము చూడవలసిన లక్షణములు మూడు. ఆటపై అదుపు తప్పుట ఒకటి. తిండి, నిద్ర, పని, బంధువులు మొదలగువాటి నన్నింటిని మించి ఆటయే ముఖ్యమగుట రెండు. కీడు జరుగుచున్నదని తెలిసియు మానలేకపోవుట మూడు. ఇవి సామాన్యముగా సంవత్సరముపాటు కొనసాగి, జీవితమునకు తీవ్రమైన నష్టము కలిగించుచున్నప్పుడే దానిని రోగమందురు.

కావున గంటలు లెక్కపెట్టుటకంటె ఈ ప్రశ్నలు వేసికొనుట మేలు. ఆట మానిన దినమున చిరాకు, కోపము ఆగకున్నవా? పని నాగాలు పెరిగినవా? అప్పు చేయవలసివచ్చినదా? ఎంతసేపు ఆడినది దాచవలసి వచ్చుచున్నదా? పూర్వము ఇష్టమైన పనులన్నియు రుచించకున్నవా? వీనికి ‘అవును’ అను సమాధానములు వచ్చినచో సిగ్గుపడక సహాయము కోరవలెను. ఒక్కొక్కప్పుడు ఒంటరితనము, దిగులు ముందు కలిగి, ఆట దానికి ఆశ్రయమగును. అట్టివానికి ఫోను లాగికొనుట చికిత్స కాదు.

భారత ప్రభుత్వ ఆరోగ్య మంత్రిత్వశాఖ 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగులోను, గుజరాతీలోను మాటలాడవచ్చును. బెంగళూరునందలి నిమ్‌హాన్స్ సంస్థలో ఇట్టివారికై 2014 నుండి ప్రత్యేక చికిత్సాలయము నడచుచున్నది.

పెద్దలకు, యజమానులకు

పిల్లవాడు ఆడుచుండగా నడుమ ఫోను లాగికొన్నచో, అతడు ముగ్గురి ఎదుట మాట తప్పినవాడగును. అతని కోపమునకు కారణమదియే. “ఈ ఆట ముగియగానే రమ్ము” అని చెప్పి, ముగిసిన పిదప తప్పక రప్పించవలెను. ఒకనాడు ప్రక్కన కూర్చుండి చూడవలెను. ఎవరితో ఆడుచున్నాడో, ఏమి మాటలాడుచున్నాడో తెలియును. కొన్ని ఆటలు పదునెనిమిదేండ్ల లోపువారికి దినమునకు ఇన్ని గంటలని తామే పరిమితి పెట్టినవి. పిల్లవాడు పెద్దల ఖాతాతో ఆడినచో ఆ పరిమితి వ్యర్థమగును. కావున వయస్సు నిజముగా వ్రాయించవలెను.

యజమానులును ఒక సంగతి గమనింపవలెను. పనివానికి వారమునకొక సెలవును, గాలియాడు గదియు, ఆడుకొనుటకు కొంత బయలును ఉన్నచోట రాత్రి ఆటల బలము తగ్గును. ఆదివారము నాడు చెడుగుడు ఆడి అలసినవాడు రాత్రి తనంతట తానే నిద్రించును.

జట్టు నియమము

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు చెలరేగినప్పుడు జనులు లక్షలుగా నగరము విడిచిపోయిరి. 1995లో పురపాలక కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావుగారి కాలమున ఆ నగరమే శుభ్రతకు దేశమున పేరుపొందెను. మందుబిళ్ళలతో మాత్రమే ఆ మార్పు రాలేదు. ప్రతిదినము నియమితమైన వేళకు వీధులూడ్చుట, చెత్తనెత్తుట అందరికిని అలవాటు చేయుటవలన వచ్చినది. ఒక్క ఇల్లు శుభ్రముగా నున్నంతమాత్రమున వీధి బాగుపడదని ఆ నగరము నేర్చుకొన్నది.

జట్టు ఆటకును ఇదే న్యాయము. ఒక్కడు పదిన్నరకు లేచిపోవుట కష్టము. నలుగురు కలిసి పదిన్నర అని నిర్ణయించుకొనుట సులభము. కావున క్రొత్తవాడు జట్టులో చేరునాడే ఈ నాలుగు మాటలు అడుగవలెను: ఎన్ని ఆటలు? ఏ వేళకు ముగింపు? ధనము ఎంత? తిట్లు ఉండవుగదా? ఈ ప్రశ్నలకు నవ్వి తోసివేయు జట్టు తనకు తగినది కాదని అతడు గ్రహింపవలెను. మరునాడు తెల్లవారుజామున షిఫ్టునకు పోవలసిన తోటివానిని “నీవు పోయి పండుకొనుము, రేపు ఆడుదము” అని పంపివేయు జట్టు మంచి జట్టు. ఆటలో నేలకొరిగినవానిని లేవదీయుట నేర్చినవారికి ఈ మర్యాద నేర్చుకొనుట కష్టము కాదు.